ఎల్-లాక్టిక్ యాసిడ్ చేస్తుంటే డి ఎక్కడ్నుంచి వస్తోంది? 72 గంటలకి ప్యూరిటీ పడిపోతోంది

ఫెర్మెంటర్_దగ్గర:

అందరికీ నమస్కారం అండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఎల్-లాక్టిక్ యాసిడ్ ఫెర్మెంటేషన్ చేస్తున్నాను (ఎల్, డి అంటే ఒకే అణువుకి కుడిచెయ్యి ఎడమచెయ్యిలాంటి రెండు రూపాలు, నాకు కావల్సింది ఎల్ ఒక్కటే), రెండు నెలల్నుంచి ఒకే చోట ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్ళు ఎవరైనా చూసి చెప్తారేమోనని రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, వివరాలు లేకుండా అడిగితే ఎవరూ ఏం చెప్పలేరని అన్నీ పెట్టేస్తున్నా.

స్ట్రెయిన్ లాక్టోబాసిల్లస్ కేసియై, మా ల్యాబులో మా సీనియర్ల కాలం నుంచి ఉన్న గ్లిసరాల్ స్టాక్ (గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియా). 2 లీటర్ల ఫెర్మెంటర్, లీటరుకి 100 గ్రాముల గ్లూకోజ్, నైట్రోజన్ కోసం కార్న్ స్టీప్ లికరూ కొంచెం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్టూ, 37 డిగ్రీలు, పీహెచ్ 6.0 దగ్గర సోడియం హైడ్రాక్సైడ్‌తో పట్టి ఉంచుతున్నా. దిగుబడి విషయంలో ఏ బాధా లేదు, 24 గంటలకి లీటరుకి 60 గ్రాములు, 72 గంటలకి 92 గ్రాములు వస్తోంది.

బాధంతా ప్యూరిటీతోనే. మొదట మా దగ్గర ఉన్న పోలారిమీటర్లో (వెలుతురుని ద్రావణం ఎటు తిప్పుతుందో చూపే పరికరం) బ్రాత్, అంటే పులిసిన ద్రవం, వడకట్టి పెట్టి చూశాను, మైనస్ వచ్చింది! ఎల్-లాక్టిక్ యాసిడ్ అంటే ప్లస్ అనే కదా ప్రతి పుస్తకంలో ఉంది, అంటే నేను చేస్తోంది మొత్తం డి నా అని ఆ రోజు నిద్ర పట్టలేదు. తర్వాత పక్క డిపార్ట్‌మెంట్లో ఎల్, డి లని విడదీసే కైరల్ కాలమ్ ఉంటే బతిమాలి హెచ్‌పీఎల్‌సీ చేయించాను, దాంట్లో 24 గంటల శాంపిల్ 98 శాతం ఎల్, 72 గంటల శాంపిల్ 93 శాతం ఎల్. మూడు బ్యాచులు చేశాను, మూడింట్లోనూ దాదాపు ఇదే.

ఇప్పుడు నా ప్రశ్నలు. పోలారిమీటర్ మైనస్ ఎందుకు చూపించింది? ఒకే బ్యాక్టీరియా ఒకే చక్కెర తిని రెండు రకాలు ఎందుకు చేస్తుంది, అసలు ఆ డి తో దానికేం పని? మొదట్లో 98 ఉన్నది పోను పోను 93 కి ఎందుకు దిగుతోంది? మా గైడ్ గారు స్ట్రెయిన్ మార్చెయ్యమంటున్నారు, కానీ కారణం తెలీకుండా మారిస్తే కొత్తదాంతో కూడా ఇదే జరగదని ఏంటి నమ్మకం.

ఎంజైమ్‌పిచ్చి:

కారణం తెలుసుకోకుండా మార్చను అన్నావు చూడు, ఆ మాట నాకు బాగా నచ్చింది తమ్ముడూ, అందుకే కూర్చుని పెద్దగా రాస్తున్నా.

ముందు ఎంజైము సంగతి. గ్లైకాలిసిస్, అంటే గ్లూకోజ్‌ని విరగ్గొట్టే పని, అయిపోయాక చేతికొచ్చేది పైరువేట్. దానికి చెయ్యివాటం లేదు, మధ్యలో ఉన్న కార్బన్ చదునుగా ఉంటుంది, కాగితం ముక్కలాగా రెండు వైపులూ ఒకటే. దానిమీదికి ఎన్ఏడీహెచ్ అనే సహాయక అణువు నుంచి హైడ్రైడ్ (ఎలక్ట్రాన్లతో వచ్చే హైడ్రోజన్) ఏ వైపు నుంచి వచ్చి అంటుకుంటుందో దాన్నిబట్టి ఎల్ అయినా అవుతుంది డి అయినా అవుతుంది. ఆ వైపు తేల్చేది లాక్టేట్ డీహైడ్రోజినేజ్, అందరూ ఎల్‌డీహెచ్ అంటారు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఒకే ఎంజైము అప్పుడప్పుడూ తప్పు చేసి రెండోది ఇస్తుందేమో అనుకుంటారు. అలా కాదు. ఎల్ చేసే ఎంజైము వేరు, డి చేసే ఎంజైము వేరు, అవి అన్నదమ్ములు కూడా కాదు, అసలు వంశాలే వేరు. ఎల్ ఎంజైముకి దగ్గరి చుట్టం మేలేట్ డీహైడ్రోజినేజ్. డి ఎంజైము డి-2-హైడ్రాక్సీ యాసిడ్ డీహైడ్రోజినేజుల కుటుంబం, సెరీన్ తయారీలో వచ్చే ఫాస్ఫోగ్లిసరేట్ డీహైడ్రోజినేజ్ కూడా ఆ ఇంటిదే. రెండూ పరిణామంలో విడివిడిగా పుట్టి ఒకే పనికి వచ్చి చేరాయి. విచిత్రం ఏంటంటే పనిముట్లు మాత్రం దాదాపు ఒకటే, ఎల్ ఎంజైములో హిస్టిడిన్ 195 ప్రోటాన్ ఇస్తుంది, ఆర్జినిన్ 171 పైరువేట్ కార్బాక్సిల్ గ్రూపుని పట్టుకుంటుంది, డి ఎంజైములో అదే పని హిస్టిడిన్ 296, ఆర్జినిన్ 235 చేస్తాయి, కాకపోతే పైరువేట్ కూర్చునే తీరు తిరగబడి ఉంటుంది, దాంతో హైడ్రైడ్ రెండో ముఖం మీద పడుతుంది. నాకు ఈ రెండు నిర్మాణాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

కాబట్టి ఏ బ్యాక్టీరియా ఏది చేస్తుందనేది దాని జీనోములో ఏ జీన్ ఉంది, ఏది ఎంత గట్టిగా పని చేస్తోంది అన్నదాని మీద ఉంటుంది. లాక్టోకాకస్ లాక్టిస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఎల్ చేస్తాయి. లాక్టోబాసిల్లస్ బల్గారికస్, ల్యూకోనోస్టాక్, స్పోరోలాక్టోబాసిల్లస్ ఇనులినస్ డి చేస్తాయి. లాక్టోబాసిల్లస్‌లలోనే ప్లాంటారమ్, హెల్వెటికస్ లాంటివి రెండూ కలిపి చేస్తాయి. మీ కేసియై ప్రధానంగా ఎల్, కానీ దాని జీనోములో డి-ఎల్‌డీహెచ్ జీన్ కూడా ఉంది.

ఇక ఆ డి తో దానికేం పని అని అడిగావు, మంచి ప్రశ్న. దాని గోడకి కావాలి! మామూలుగా బ్యాక్టీరియా గోడలో పెప్టైడ్ చివర డి-అలనీన్ డి-అలనీన్ ఉంటుంది, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చి పట్టుకునేది అక్కడే. కేసియై, ప్లాంటారమ్, ల్యూకోనోస్టాక్ లాంటివాటిలో ఆ చివరి అలనీన్ స్థానంలో డి-లాక్టేట్ ఉంటుంది, వాంకోమైసిన్‌కి పట్టు దొరకదు, అందుకే ఇవి పుట్టుకతోనే ఆ మందుకి లొంగవు. అంటే ఎల్ చేసే కేసియైకి కూడా కొద్దిగా డి లేకపోతే గోడ కట్టుకోవడమే కష్టం. లాక్టోకాకస్‌కి ఆ అవసరం లేదు, దాని గోడలో మామూలు అలనీనే ఉంటుంది. కాబట్టి మీ స్ట్రెయిన్ నుంచి ఒకటో రెండో శాతం డి వస్తే అది తప్పు కాదు, దాని బతుకుతెరువు అది. 7 శాతం మాత్రం ఎక్కువే.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, కేసియై ఎల్-ఎల్‌డీహెచ్ కి ఫ్రక్టోజ్ 1,6 బిస్ఫాస్ఫేట్ ఒక స్విచ్ లాంటిది. చక్కెర జోరుగా కరుగుతున్నంతసేపూ ఆ ఫాస్ఫేట్ లోపల నిండుగా ఉంటుంది, ఎంజైము ఉరుకుతుంది. చక్కెర అడుగంటాక అది పడిపోతుంది, ఎల్ ఎంజైము కూడా మందగిస్తుంది, న్యూట్రల్ పీహెచ్ దగ్గర ఈ ఆధారపడటం ఎక్కువ, పీహెచ్ 5 దగ్గర అది లేకపోయినా నడుస్తుంది. డి ఎంజైముకి ఈ స్విచ్ లేదు. అంటే చివర్లో ఎల్ తగ్గి డి వాటా కాస్త పెరిగే అవకాశం ఉంది. రెండోది రేసిమేజ్. ప్లాంటారమ్‌లో లాక్టేట్ రేసిమేజ్ ఉంది, తయారైపోయిన ఎల్ ని తిప్పి డి చేస్తుంది, అటునుంచి ఇటు కూడా. దాని గుండెలో నికెల్ ఉంటుంది, నికోటినిక్ యాసిడ్ నుంచి తయారైన ఒక వింత కోఫ్యాక్టర్ ఆ నికెల్‌ని పట్టకారులా పట్టుకుని ఉంటుంది, 2015లో ఇది బైటపడింది. ప్లాంటారమ్‌కి డి తయారు చేసే జీన్ తీసేసినా గోడ పని ఆగదు, ఈ రేసిమేజ్ ఎల్ నుంచి డి తెచ్చి పెడుతుంది, రెండూ తీసేస్తే మాత్రం బయట్నుంచి డి-లాక్టేట్ పొయ్యకపోతే పెరగదు.

మీ కేసులో ఏది జరుగుతోందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, లెక్కలు కావాలి.

పోలరైజర్:

పోలారిమీటర్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా, మొదటిసారి చేసినప్పుడు నేనూ ఇలాగే కంగారు పడ్డాను.

అండీ మీ బ్రాత్‌లో ఉన్నది లాక్టిక్ యాసిడ్ కాదు, సోడియం లాక్టేట్. లాక్టిక్ యాసిడ్ పీకేఏ (సగం యాసిడ్‌గా, సగం ఉప్పుగా ఉండే పీహెచ్) 3.86, మీరు 6.0 దగ్గర పట్టి ఉంచారు, అంటే నూటికి తొంభైతొమ్మిది వంతులు ఉప్పు రూపంలోనే ఉంది. ఎల్-లాక్టిక్ యాసిడ్ ప్లస్ వైపు తిప్పుతుంది, నిజమే, కానీ దాని ఉప్పులు మైనస్ వైపు తిప్పుతాయి. సోడియం ఉప్పు, జింక్ ఉప్పు రెండూ అంతే. అణువు చెయ్యివాటం ఏం మారలేదు, వెలుతురుని తిప్పే దిశ మాత్రమే మారింది. ఎల్, డి అనే అక్షరాలు అణువు అమరికకి, ప్లస్ మైనస్ గుర్తులు వెలుతురు తిరిగే దిశకి, ఈ రెండూ వేర్వేరు సంగతులు, పుస్తకాల్లో ఎల్ పక్కన ప్లస్ పెట్టి రాయడం వల్ల అందరం ఒకటే అనుకుంటాం. కాబట్టి మీకు మైనస్ రావడం మంచి వార్తే, మీది ఎల్ అనే చెప్తోంది.

పోనీ యాసిడ్‌గా మార్చి చూద్దాం అంటే అక్కడ కూడా చిక్కే. శుద్ధమైన ఎల్-లాక్టిక్ యాసిడ్ తిప్పుడు చాలా తక్కువ, నీళ్ళలో దాదాపు ప్లస్ 3.8, చిన్న పొరపాటుకే మునిగిపోయే సంఖ్య. పైగా గాఢంగా చేస్తే అణువులు ఒకదానికొకటి ఎస్టర్‌గా అతుక్కుంటాయి, ఆ జంటలూ లాక్టైడూ (రెండు అణువులు ఉంగరంలా మూసుకున్న జంట) బలంగా మైనస్ వైపు తిప్పుతాయి. బ్రాత్‌లో మిగిలిన గ్లూకోజ్ ప్లస్ వైపు లాగుతుంది, లీటరుకి పది గ్రాములున్నా చాలు మీ లెక్క మొత్తం పాడు చేస్తుంది. ఈ పనికి కైరల్ కాలమే సరైనది, లేదంటే ఎంజైమ్ కిట్, ఎల్-ఎల్‌డీహెచ్ ఒక గిన్నెలో డి-ఎల్‌డీహెచ్ ఒక గిన్నెలో వేసి విడివిడిగా ఎన్ఏడీహెచ్ ఎంత పెరిగిందో 340 నానోమీటర్ల దగ్గర చూడటమే, బ్యాక్టీరియా ఎంజైములే మనకి తూనికరాళ్ళు అవుతాయన్నమాట.

ఇంకోటి, రిపోర్టులో రాసేటప్పుడు ఏ శాతమో స్పష్టంగా రాయండి. మొత్తంలో ఎల్ 93 శాతం అంటే ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్ 86 శాతమే, ఎందుకంటే అది ఎల్ లోంచి డి తీసేసి లెక్కగడతారు. 98 అంటే 96. పేపర్లలో కొందరు ఒకటి, కొందరు ఇంకోటి ఆప్టికల్ ప్యూరిటీ అనే ఒకే పేరుతో రాస్తారు, పోల్చేటప్పుడు అది చూసుకోండి.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. షీలే అనే రసాయన శాస్త్రవేత్త పులిసిన పాల నుంచి లాక్టిక్ యాసిడ్ తీసింది 1780లో. కండరంలో దొరికేదీ పులిసిన పాలలో దొరికేదీ ఒకే కట్టు, తేడా అణువులు చోటులో అమరిన తీరులోనే ఉండాలి అని విస్లిసెనస్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త 1873లో చెప్పాడు, మరుసటి ఏడాదే వాంట్ హాఫ్ కార్బన్ నాలుగు చేతుల బొమ్మతో వచ్చాడు. మీరు కుస్తీ పడుతున్న ఈ అణువే ఆ ఆలోచనకి ఊతం ఇచ్చింది.

కల్చర్‌ప్లేట్:

అందరూ బాగా చెప్పారు, నేను మీ అంకెల మీద కూర్చుంటా.

శాతాలు పక్కన పెట్టి గ్రాముల్లో చూడండి. 24 గంటలకి 60 గ్రాములు, అందులో డి 2 శాతం, అంటే 1.2 గ్రాములు. 72 గంటలకి 92 గ్రాములు, అందులో డి 7 శాతం, అంటే 6.4 గ్రాములు. మధ్యలో ఆ 48 గంటల్లో కొత్తగా వచ్చింది 32 గ్రాములు, అందులో డి 5.2 గ్రాములు, అంటే 16 శాతం! మొదటి రోజు 2 శాతం డి చేసిన కల్చర్ తర్వాత రెండు రోజులు 16 శాతం డి చేస్తోంది. ఇది మెల్లగా జారడం కాదండీ, ఫెర్మెంటర్లో పని చేసేవాళ్ళే మారిపోయినట్టుంది.

ఇంకో అనుమానం మీ కార్న్ స్టీప్ లికర్. అది మొక్కజొన్న నానబెట్టినప్పుడు సహజంగా లాక్టిక్ బ్యాక్టీరియా పులియబెట్టిన నీళ్ళే, దాంట్లో ముందే లాక్టిక్ యాసిడ్ ఉంటుంది, అదీ రెండు రకాలూ కలిసి. మీరు ఇనాక్యులం (మొదలుపెట్టే బ్యాక్టీరియా) వెయ్యకముందే మీడియాలో డి ఉంటుందన్నమాట. కానీ ఆలోచించండి, మీడియాలోంచి వచ్చిన డి మొదట్నుంచీ అంతే ఉంటుంది, మొత్తం పెరిగేకొద్దీ దాని శాతం తగ్గాలి, మీకు పెరుగుతోంది. కాబట్టి అది మొదటి 2 శాతానికి కొంత కారణం కావచ్చు, చివరి 7 కి మాత్రం అది కారణం కాదు.

నా అనుమానాలు వరసగా, కంటామినేషన్ (ప్లాంటారమ్ లాంటి వేరే బ్యాక్టీరియా కలవడం), తర్వాత రేసిమేజ్, తర్వాత మీ కేసియై సొంత డి ఎంజైము. తేల్చుకోడానికి ఖర్చు లేని పరీక్షలు ఉన్నాయి. ఇనాక్యులం వెయ్యని మీడియా ఆటోక్లేవ్ చేసి అదే కాలమ్ మీద బ్లాంకుగా నడపండి. 72 గంటల శాంపిల్ పలచన చేసి ప్లేట్ మీద స్ట్రీక్ చేసి (గీతలుగా పూసి విడివిడి కాలనీలు వచ్చేలా పెంచి) అన్ని కాలనీలూ ఒకేలా ఉన్నాయా చూడండి, ఒక్కో కాలనీని విడిగా ట్యూబులో పెంచి ఎల్, డి రెండూ కొలవండి. మీ గ్లిసరాల్ స్టాక్‌ని కూడా అలాగే స్ట్రీక్ చెయ్యండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, తరాల నుంచి వస్తున్న స్టాక్ అంటే నాకు భయం. మూడోది, 72 గంటల సెల్స్‌ని కడిగి చక్కెర లేని బఫర్లో ఎల్-లాక్టేట్ ఒక్కటే ఇచ్చి ఒక రోజు ఉంచండి. అందులో డి పుడితే చక్కెర నుంచి కాదు, ఎల్ నే ఎవరో తిప్పుతున్నారని అర్థం. అలా తిప్పడం కూడా జరుగుతుంటే నేను పైన చెప్పిన 16 శాతం కొత్తగా తయారైంది మాత్రమే కాదు, పాత ఎల్ కూడా మారిందన్నమాట, ఆ లెక్క అప్పుడు సరిచూసుకోవాలి.

వాంకోమైసిన్ ప్లేట్ మీద వేసి విడదీద్దామని మాత్రం అనుకోకండి, పైన చెప్పినట్టు కేసియై, ప్లాంటారమ్ రెండూ దాని మీద హాయిగా పెరుగుతాయి. మెలిబయోస్, రాఫినోస్ చక్కెరలతో చూడండి, ప్లాంటారమ్ వాటిని పులియబెడుతుంది, కేసియై మామూలుగా ముట్టదు.

ఫెర్మెంటర్_దగ్గర:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. పోలారిమీటర్ సంగతి విన్నాక ప్రాణం కుదుటపడింది. గ్రాముల్లో లెక్క వేసుకోవాలనే ఆలోచనే రాలేదు నాకు, మూడు బ్యాచులకీ వేశాను, మూడింట్లోనూ చివరి 48 గంటల్లో 14 నుంచి 17 శాతం మధ్యలో ఉంది.

బ్లాంక్ ఇవాళే నడిచింది. ఏం వెయ్యని మీడియాలోనే లీటరుకి 1.5 గ్రాముల లాక్టిక్ యాసిడ్ ఉంది, అందులో డి 0.7 గ్రాములు! అంటే 24 గంటల దగ్గర ఉన్న 1.2 గ్రాముల డి లో సగం పైన మీడియాదే, నా బ్యాక్టీరియా చేసింది 0.5 గ్రాములే. 58.5 లో 0.5 అంటే ఒక శాతం కూడా లేదు. ఇన్నాళ్ళూ పాపం దాన్ని అనవసరంగా అనుమానించాను. స్ట్రీక్ ప్లేట్లు ఇంక్యుబేటర్లో ఉన్నాయి, ఎల్-లాక్టేట్ పరీక్ష రేపు పెడతా.

పాలిమర్‌బెంచ్:

ప్లేట్లు వచ్చేలోపు ఇంకో వైపు నుంచి నాలుగు మాటలు. నేను పాలీలాక్టిక్ యాసిడ్ మీద పని చేస్తా, మీరు కొలిచే ఆ రెండు మూడు శాతాల తేడా మా దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తుందో తెలిస్తే మీకు ఓపిక వస్తుందని రాస్తున్నా.

శుద్ధమైన ఎల్ తో చేసిన గొలుసు 175 నుంచి 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గొలుసులన్నీ ఒకే మెలికతో ఉంటాయి కాబట్టి పక్కపక్కన చక్కగా సర్దుకుని స్ఫటికాలు కడతాయి. మధ్యమధ్యలో ఒక డి వచ్చి పడితే ఆ మెలిక తెగుతుంది, కరిగే ఉష్ణోగ్రత దిగుతూ పోతుంది, డి వాటా 10–15 శాతానికి వెళ్ళేసరికి స్ఫటికం కట్టడమే మానేస్తుంది. అలాంటి ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి ఒంగిపోతుంది. విచిత్రం ఏంటంటే డి చెడ్డదేం కాదు, శుద్ధమైన డి గొలుసుని శుద్ధమైన ఎల్ గొలుసుతో సమంగా కలిపితే రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకుని స్టీరియోకాంప్లెక్స్ అనే కొత్త స్ఫటికం కడతాయి, అది దాదాపు 50 డిగ్రీలు పైన, 220–230 దగ్గర కరుగుతుంది. 1987లో ఈ సంగతి బైటపడ్డాకే డి-లాక్టిక్ యాసిడ్‌ని ప్రత్యేకంగా చెయ్యాలని జనం వెంటపడ్డారు. మాకు కావల్సింది ఏదో ఒకటి శుద్ధంగా, కలగాపులగంగా వద్దు.

అందుకే ఇక్కడ బ్యాక్టీరియాని మించినది లేదు. ఎసిటాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్ కలిపి లాక్టోనైట్రైల్ చేసి దాన్నుంచి లాక్టిక్ యాసిడ్ చేసే కెమికల్ దారి ఉంది, కానీ అక్కడ పైరువేట్‌ని ఒక వైపు నుంచి పట్టుకునే ఎంజైము లేదు, సగం సగం వస్తుంది. ఎంజైము మాత్రం ఒక్క ముఖాన్నే చూస్తుంది.

పరిశ్రమలో వాడే ఉపాయాల్లో నాకు బాగా నచ్చేది వేడి. బాసిల్లస్ కోయాగ్యులాన్స్ 50 డిగ్రీలు, ఆ పైన కూడా హాయిగా ఎల్ చేస్తుంది. ఆ వేడిలో మీ ప్లాంటారమ్ లాంటి అతిథులు బతకలేరు, స్టెరిలైజ్ చెయ్యకుండా కూడా ఫెర్మెంటేషన్ నడిపినవాళ్ళున్నారు. 37 డిగ్రీలు అంటే ప్రతివాడికీ నచ్చే ఉష్ణోగ్రత కదా.

ఈ.కోలైతో చేసేవాళ్ళకి వేరే తలనొప్పి ఉండేది. దానికి సహజంగా ఉన్నది డి-ఎల్‌డీహెచ్, దాన్ని డి కోసం బాగా తీర్చిదిద్దారు, అయినా కొంచెం ఎల్ కలుస్తూనే ఉండేది. చివరికి చూస్తే ఎల్‌డీహెచ్ తప్పే కాదు. చక్కెర ఉక్కిరిబిక్కిరిగా లోపలికి వస్తే కొంత మిథైల్‌గ్లయాక్సాల్ అనే పక్కదారి పడుతుంది, అక్కడ్నుంచి ఒక శాఖ డి కి ఇంకో శాఖ ఎల్ కి పోతుంది. మిథైల్‌గ్లయాక్సాల్ సింథేజ్ జీన్ తీసేశాక ప్యూరిటీ సరయ్యింది. అందుకే అంటున్నా, ఎల్‌డీహెచ్ వైపే చూస్తూ కూర్చోవద్దు, దొంగ పెరటి తలుపు నుంచి కూడా రావచ్చు.

ఆఖర్న ఇంకో మాట, ఫెర్మెంటర్ దాటాక కూడా జాగ్రత్త కావాలి. లాక్టైడ్ చేసేటప్పుడు ఎక్కువ వేడి, ఎక్కువసేపు, పైగా లోహపు అయాన్లు ఏమైనా మిగిలుంటే రేసిమైజ్ అవుతుంది, మీసో-లాక్టైడ్ వస్తుంది, అంటే ఒక ఎల్ ఒక డి కలిసిన జంట. బ్యాక్టీరియా 99 ఇచ్చినదాన్ని మనం 97 చెయ్యగలం.

ఫెర్మెంటర్_దగ్గర:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి, అన్నీ రెండుసార్లు చేశాకే రాద్దామనుకున్నా.

72 గంటల శాంపిల్ ప్లేట్ మీద రెండు రకాల కాలనీలు. ఒకటి చిన్నగా క్రీమ్ రంగులో, ఇంకోటి కొంచెం పెద్దగా తెల్లగా. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తోంది, ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నా. చిన్నదాన్ని విడిగా పెంచితే దాదాపు మొత్తం ఎల్. పెద్దదాన్ని పెంచితే డి 52 శాతం! అది మెలిబయోస్, రాఫినోస్ రెండూ పులియబెట్టింది, మొదటిది ముట్టలేదు. బ్యాక్టీరియాని గుర్తుపట్టే 16ఎస్ జీన్ సీక్వెన్స్ కూడా చేయించాం, రెండోది ప్లాంటారమ్ గుంపు.

ఎల్-లాక్టేట్ పరీక్ష కూడా పెట్టాను. 72 గంటల కలగలుపు సెల్స్‌కి చక్కెర లేకుండా ఎల్ ఒక్కటే ఇస్తే 24 గంటల్లో డి పుట్టింది, అదే శుద్ధమైన కేసియై సెల్స్‌కి ఇస్తే ఏం పుట్టలేదు. అంటే ఆ వచ్చినది సొంతంగా సగం డి చెయ్యడమే కాకుండా నా కేసియై చేసిన ఎల్ ని కూడా తిప్పుతోందన్నమాట.

ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా దొరికింది. కల్చర్‌ప్లేట్ గారు భయపడ్డట్టే, గ్లిసరాల్ స్టాక్‌లోనే ఉంది. చాలా తక్కువ, రెండు వందల కాలనీల్లో మూడో నాలుగో. అందుకే మొదటి రోజు కనపడట్లేదు, కేసియై జోరు తగ్గాక అది పుంజుకుంటోంది. నేను బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే స్టాక్ నుంచి మొదలుపెడుతున్నా కాబట్టే ప్రతిసారీ ఒకే అంకె వచ్చింది, అలా వస్తుంటే ఇది కంటామినేషన్ కాదు స్ట్రెయిన్ గుణమే అని గట్టిగా నమ్మేశాను.

ఒకే కాలనీ నుంచి మళ్ళీ మూడుసార్లు స్ట్రీక్ చేసి కొత్త స్టాక్ పెట్టి, దాంతో అదే మీడియాలో ఫెర్మెంటర్ నడిపా. 72 గంటలకి 90 గ్రాములు, డి 1.6 గ్రాములు, అంటే 98.2 శాతం ఎల్. తర్వాత కార్న్ స్టీప్ లికర్ తీసేసి మొత్తం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో నడిపితే డి 0.9 గ్రాములకి దిగింది, 99 శాతం. స్ట్రెయిన్ మార్చాల్సిన పని లేదని గైడ్ గారు కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ మిగిలిన 0.9 గ్రాములు కూడా పోగొట్టాలంటే డి-ఎల్‌డీహెచ్ జీన్ తీసేస్తే సరిపోతుందా, లేక గోడ కోసం అది కావాలి కాబట్టి బ్యాక్టీరియా ఇబ్బంది పడుతుందా?

ఎంజైమ్‌పిచ్చి:

శభాష్ తమ్ముడూ, చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది.

జీన్ తీసి చూడొచ్చు, కానీ రెండు విషయాలు మనసులో పెట్టుకో. కేసియైలో డి-హైడ్రాక్సీఐసోకాప్రోయేట్ డీహైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైము ఉంది, అది కూడా డి కుటుంబమే, దాని అసలు పని పెద్ద కీటో యాసిడ్ల మీద, అయినా పైరువేట్‌ని అసలే ముట్టదని అనుకోకు. డి-ఎల్‌డీహెచ్ లేని మ్యూటెంట్ పెరిగిందంటే గోడకి కావల్సిన డి ఇలాంటి దారిలోనో, మీడియాలో ఉన్న కాస్త డి నుంచో అందుతోందని అనుమానించాలి. అందుకే మ్యూటెంట్‌ని కార్న్ స్టీప్ లికర్ ఉన్న మీడియాలోనూ లేని మీడియాలోనూ రెండింట్లో పెంచి పెరుగుదల పోల్చు, ఉన్నదాంట్లో బాగా పెరిగి లేనిదాంట్లో కుంటుతుంటే కారణం డి-లాక్టేట్ కావచ్చు, కొద్దిగా డి-లాక్టేట్ విడిగా కలిపి చూస్తే తేలిపోతుంది. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ బ్లాంక్ కూడా నడుపు, దాంట్లో కూడా కొంచెం లాక్టేట్ ఉండొచ్చు, ఆ 0.9 లో దాని వాటా ఎంతో ముందు తీసేస్తే నీ బ్యాక్టీరియా నిజంగా ఎంత చేస్తోందో తెలుస్తుంది.

ఫెర్మెంటర్_దగ్గర:

అన్నా, బ్లాంక్ రేపే నడుపుతా. పాత స్టాక్ పారెయ్యకుండా దాని మీద రెండు పేర్లూ రాసి విడిగా పెట్టాను, ఆ ప్లాంటారమ్‌ని కూడా శుద్ధి చేసి వేరే వయల్‌లో దాచాను, రేసిమేజ్ మీద జూనియర్ ఒకమ్మాయి చేస్తానంటోంది.